గూబ దూరిన ఇల్లు

పోయినేడాది జూన్‌లో ఇచ్ఛాపురంలో మా ఇంటి అటక మీద నుంచి రాత్రుళ్లు బుస్సు బుస్సుమని చప్పుడు మొదలైంది, తాత కట్టిన పెంకుటిల్లు కదా, పామే అనుకున్నారు అందరూ, అమ్మ అయితే మూడు రాత్రులు నిద్రపోలేదు. పాములు పట్టే అతన్ని పిలిస్తే అతను నిచ్చెనేసుకుని టార్చి పట్టుకుని ఎక్కి, అర నిమిషం కూడా అవ్వకుండా దిగిపోయి, "పామైతే బాగున్ను అమ్మా" అన్నాడట. అటక మీద ఉన్నది తెల్లగూబ, దాని పక్కన మూడు పిల్లలు. ఆ బుసలు పిల్లలవి, తిండికోసం అవి చేసే గోల అంతే. కానీ గూబ ఇంట్లో దూరితే ఆర్నెల్లు ఇల్లు విడిచిపెట్టాలని మా వైపు పట్టింపు, పంతులుగారు కూడా అదే మాట చెప్పారు, అమ్మా నాన్నా రెండు వీధులవతల అద్దెకి వెళ్లిపోయారు. ఆర్నెల్ల అద్దె కట్టింది నేను.

అద్దె కట్టినప్పుడల్లా ఆ గూబ గుర్తొచ్చేది. విశాఖలో సెకండ్‌హ్యాండ్‌లో ఒక బైనాక్యులర్ కొన్నాను, ఎనిమిది ఇంటూ నలభై రెండుది, ఫోన్లో పిట్ట అరుపు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ వేసుకున్నాను, సెలవు దొరికినప్పుడల్లా ఊరొచ్చి అక్కణ్ణుంచి ఒడిశా వైపు తిరగడం మొదలెట్టాను. తోడు మా మేనత్త కొడుకు, బరంపురంలో ఉంటాడు, బావ అంటాను. బావకి పిట్టలంటే ఏమీ ఇష్టం లేదు, బండి నడపడం ఇష్టం. ఇది ఏకబిగిన చేసిన యాత్ర కాదు, ఏడాది పొడుగునా ఒకటీ రెండూ రోజులుగా సాగింది, రోజుల లెక్క మాత్రం వరసగానే వేసుకున్నాను.

మొదటి రోజు, జూలై

తేలుకుంచి మా ఊరికి ఎంతో దూరం కాదు, బండి మీద అరగంట కూడా పట్టదు, కానీ చిన్నప్పట్నుంచీ అక్కడ పక్షులొస్తాయని వినడమే గానీ ఎప్పుడూ వెళ్లలేదు, పక్కనున్నవి ఎప్పుడైనా చూడొచ్చులే అనుకుంటాం కదా అలాగన్నమాట. ఊళ్లోకి అడుగుపెట్టగానే ముందు తగిలేది వాసన. చింతచెట్ల మీద కొంగల గూళ్లు, ఒక్కో చెట్టుకి ఎన్నో లెక్కపెట్టలేం, కిందంతా సున్నం వేసినట్టు తెల్లగా రెట్ట. ఇళ్ల పెంకుల మీద, అరుగుల మీద, ఆరేసిన బట్టల మీద కూడా. ఆ ఊళ్లో వాళ్లు దానికి విసుక్కోరు. కొంగలొస్తే వానలొస్తాయి, పంట పండుతుంది అని వాళ్ల నమ్మకం, రాళ్లు విసరనివ్వరు, గూట్లోంచి పిల్ల జారి పడితే తీసి పెడతారు.

అవి నత్తగుల్ల కొంగలు. తెలుపు మీద బూడిద రంగు, రెక్కల చివర నలుపు, ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనపడుతుంది, పగుళ్లు పట్టిన అడకత్తెర లాగ. ఆ ముక్కుతో నత్తగుల్లలోంచి మాంసాన్ని లాగేస్తాయి, చాలామంది గుల్లని పగలగొడతాయనుకుంటారు గానీ ముక్కు మొనని గుల్ల మూత దగ్గర దూర్చి కండని కోసి బయటకి లాగుతాయి. ఇంకో సంగతేంటంటే పిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యేకొద్దీ వస్తుంది. ఒక అరుగు మీద కూర్చుని గంట సేపు ఒకే గూడు చూశాను. తల్లి వచ్చి గూట్లోకి కక్కుతుంది, పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి తింటాయి, అందులో ఒక నత్త జారి కిందపడితే కింద కోడి పరిగెత్తుకొచ్చి తీసుకుపోయింది, కోడికి ఇదంతా అలవాటే.

ఇక్కడొక మాట చెప్పాలి. ఎవర్నడిగినా "సైబీరియా నుంచి వొస్తాయండి" అంటారు. పేపర్లలో కూడా అదే రాస్తారు, ప్రతి కొంగా సైబీరియాదే. కాదు, ఇవి మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండేవే, నీళ్లూ నత్తలూ ఎక్కడ దొరికితే అక్కడికి తిరుగుతాయి. అలాగని తక్కువ తిరుగుడు కూడా కాదు, భరత్‌పూర్‌లో కాలికి రింగు వేసిన కొంగ 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది, థాయిలాండ్‌లో రింగు వేసింది బంగ్లాదేశ్‌లో 1500 కిలోమీటర్ల దూరాన దొరికింది. ఇది చెప్తే అరుగు మీది ముసలాయన నమ్మలేదు. "మరి వానకాలం అవ్వగానే ఎటెల్పోతాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, టీ తాగి వచ్చేశాం.

రెండో రోజు, మర్నాడే

ఉద్దానం వైపు వెళ్లాం, కవిటి దాటి లోపలికి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఈ ప్రాంతం మీద పడినప్పుడు కొబ్బరితోటలు ఎలా పోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కొన్ని చోట్ల తల విరిగిపోయిన కొబ్బరి మొద్దులు ఇంకా నిలబడే ఉన్నాయి, కొట్టించడానికి కూలి దండగ అని వదిలేశారు. ఆ మొద్దులకి వడ్రంగిపిట్ట కన్నాలు పెడుతుంది, కన్నంలోకి చిలకలు వస్తాయి, చిలకలు పోయాక గోరింకలు, ఆ తరవాత పైడికంటి. అద్దెకి ఇళ్లు మారినట్టే.

పైడికంటి అంటే పిడికెడు గూబ, మహా అయితే జానెడు పొడుగు, గోధుమరంగు ఒళ్లు నిండా తెల్ల చుక్కలు, పసుపు కళ్లు, పగలు కూడా కన్నం అంచున కూర్చుని మనల్ని చూసి తల కిందకీ పైకీ ఆడిస్తుంది, దేనికో ఒప్పుకుంటున్నట్టు. అలా ఎందుకంటే దాని కళ్లు మనలాగ గుంటల్లో తిరగవు, దూరం అంచనా వెయ్యాలంటే తలనే జరపాలి. జంటగా ఉంటాయి. పొద్దు వాలగానే చిర్ చిర్ మని గొడవ మొదలెడతాయి, కొత్తగా పెళ్లైన ఇంట్లో లాగ.

అక్కడే ఒక వెధవ పని చేశాను. ఫొటో సరిగ్గా రావట్లేదని ఫోన్లో పైడికంటి అరుపు పెట్టాను, చిన్న బ్లూటూత్ స్పీకర్లో. ఇంకో గూబ తన చోటులోకి వచ్చిందనుకుని అది కన్నంలోంచి బయటకొచ్చి ఎదురుగా కొమ్మ మీద కూర్చుంది, ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది, రెండు నిమిషాల్లో కాకులు చూశాయి. కాకికీ గూబకీ ఉన్న వైరం తెలిసిందే కదా, ముందు రెండు, తరవాత పది, ఆ తరవాత ఒక నల్లంచి కూడా కలిసింది, దాన్ని తోట ఆ చివరి దాకా తరిమాయి. చీకటిపడే దాకా ఉన్నాం, తిరిగి రాలేదు. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరికీ పంపలేదు, స్పీకర్ బావకి ఇచ్చేశాను.

చీకటి పడ్డాక బండి తీస్తుంటే పక్క మామిడితోటలోంచి ఒక అరుపు వచ్చింది, ఎవరో ఏడుస్తూ నవ్వినట్టు, గొంతు వణుకుతూ సాగి సాగి ఆగింది. బావ హెల్మెట్ పెట్టుకుంటున్నవాడు అలాగే ఆగిపోయాడు. యాప్ మోటిల్డ్ వుడ్ ఔల్ అని చూపించింది, పెద్ద తోటల్లో ఉండే గూబ, పగలు మన నెత్తి మీదే కూర్చున్నా చెట్టు బెరడులో కలిసిపోతుంది. మా నాన్నమ్మ చెప్పిన దెయ్యం కథల్లో సగం తోటల్లోనే ఎందుకు జరిగేవో అప్పుడర్థమైంది. బావ దారంతా ఏమీ మాట్లాడలేదు, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని నేరుగా దేవుడి గదిలోకి వెళ్లాడు.

మూడో రోజు, అక్టోబర్, దీపావళికి ముందు

పర్లాకిమిడి. ఇది గజపతి జిల్లా, 1992లో గంజాం నుంచి విడదీశారు, బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి గానీ టీకొట్టు దగ్గర నిలబడితే వినపడేది తెలుగే. వాడుక భాషలో రాయాలని పోట్లాడిన గిడుగు రామమూర్తిగారు మాస్టారుగా పనిచేసిన ఊరు, కాబట్టి నేను ఇలా రాస్తున్నందుకు ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.

దారిలో పాలపిట్ట కరెంటు తీగ మీద కనపడింది. దసరా వెళ్లిపోయింది గానీ బావ బండి ఆపి దణ్ణం పెట్టుకున్నాడు. ఒడిశాకి పాలపిట్టే రాష్ట్ర పక్షి, ఆంధ్రకి కూడా మొన్నమొన్నటి దాకా అదే ఉండేది, 2018లో రామచిలకని చేశారు. తీగ మీది పాలపిట్టకి ఇవేమీ తెలీదు, మిడత దొరికింది, తీగకేసి రెండు దెబ్బలు కొట్టి మింగింది.

సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున కూర్చున్నాం, మహేంద్రగిరి మీద పుట్టే ఏరు. ఆ కొండ 1501 మీటర్లు, పైన మబ్బు దిగలేదు ఆ రోజంతా. మాకు కావాల్సింది చేపలగూబ. మామూలు గూబల ఈకల అంచులకి దువ్వెనపళ్లలాంటి కుచ్చు ఉంటుంది, అది గాలి చప్పుడు తినేస్తుంది, అందుకే గూబ పక్కనుంచి ఎగిరినా మనకి తెలీదు. చేపలగూబకి ఆ కుచ్చు లేదు. నీళ్లలో చేపకి పైన రెక్కల చప్పుడు ఏం వినపడుతుంది, అందుకే దానికా అవసరం లేకపోయింది. కాళ్ల మీద ఈకలు కూడా ఉండవు, తడిసిపోతాయి కదా, బదులు వేళ్ల కింద గరుకు పొలుసులు, జారే చేపని పట్టుకోడానికి.

ఆరు దాటాక ఒకసారి లోతుగా గొంతు వినపడింది, ఖాళీ కుండలోకి ఊదినట్టు. ఆ తరవాత అవతలి ఒడ్డున మద్దిచెట్టు మీద నుంచి పెద్ద ఆకారం ఒకటి దిగి, రాయి మీద వాలింది. రెక్కల చప్పుడు నిజంగానే వినపడింది. నేను బైనాక్యులర్ తిప్పేలోపు చీకట్లో కలిసిపోయింది. ఐదు సెకన్లు అనుకోండి. ఇంతకీ బావ చూశాడు, నాకంటే బాగా చూశాడు, "చెవులున్నాయిరా దానికి, పిల్లిలాగ" అన్నాడు. అవి చెవులు కావు, ఈకల కుచ్చులు, అసలు చెవులు మొహం పక్కన ఈకల కింద ఉంటాయి అని చెప్పాను గానీ వాడు చూసినదాని మీద నా మాట నిలవలేదు.

రాత్రి టీకొట్టు దగ్గర ఒకతను పక్కకి వచ్చి, గూబలు ఎక్కడున్నాయో తెలిస్తే చెప్పండి, డబ్బులిస్తారు అన్నాడు. దీపావళికి పూజల కోసమని కొందరు గూబల్ని పట్టిస్తారని విన్నాను, మొహం మీదే అడిగినవాడిని చూడటం మొదటిసారి. గూబల్ని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం అన్నాను, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అందుకే ఇందులో ఏ చెట్టు ఏ మలుపు దగ్గర అన్నది రాయలేదు, ఎవరూ అడక్కండి.

నాలుగో రోజు

వాన. లాడ్జిలో రూమ్ కురిసింది, బకెట్ అడిగితే దానికి వేరే డబ్బులన్నారు. రెండు కాకులు.

ఐదో రోజు, డిసెంబర్, గురువారం

బరంపురంలో అత్త ఇంట్లో దిగాను. ఇచ్ఛాపురం నుంచి పాతిక కిలోమీటర్లు, రైలెక్కితే కూర్చునేలోపే వచ్చేస్తుంది. ఇది పిట్టల కోసం వచ్చిన రోజు కాదు నిజానికి, రేపటి ప్రయాణానికి ముందు రాత్రి పడుకోడానికి వచ్చాను. తెల్లారి లేచేసరికి వీధి వీధంతా ముగ్గు. బియ్యప్పిండి తడిపి వేళ్లతో వేసిన ముగ్గు, జోటి అంటారు, గుమ్మం నుంచి లోపలి గదిదాకా చిన్న చిన్న పాదాలు, పద్మాలు, వరికంకులు. మార్గశిర మాసంలో ప్రతి గురువారం ఒడియా వాళ్లకి మాణబసా, కొత్త ధాన్యాన్ని మాణ అనే కొలపాత్రలో పోసి లక్ష్మీదేవిని నిలుపుకుంటారు.

పక్కింటి ఒడియా అమ్మ ముగ్గులో పద్మం పక్కన ఒక గుండ్రటి మొహం, రెండు పెద్ద కళ్లు వేస్తోంది. అడిగితే "పేచా" అంది. గూబ. లక్ష్మీదేవి వాహనం కదా, అమ్మవారు వచ్చేది దాని మీదే అని చెప్పింది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. అప్పటికి మావాళ్లు ఇంకా అద్దింట్లోనే ఉన్నారు, డిసెంబర్ నెలాఖరుకి ఆర్నెల్లు పూర్తవుతాయి.

అత్త నలభై ఏళ్లుగా ఆ వీధిలో ఉంటోంది. నేనడిగాను, మరి నువ్వేమంటావత్తా, గూబ మంచిదా చెడ్డదా అని. అత్త కాసేపు ఆలోచించింది. "గురువారం నాడు మంచిదేరా" అంది. మిగతా రోజుల్లో రాత్రి గూబ కూత వినపడితే థూ థూ అని మూడుసార్లు ఉమ్ముతుందని బావ చెప్పాడు. ఆ రోజు సాయంత్రం కరెంటు స్తంభం మీద పైడికంటి ఒకటి వాలింది, పక్కింటావిడ చేతులు జోడించింది, అత్త ఆవిడ వైపు ఒకసారి చూసి తనూ జోడించింది. ఒడియా వాళ్లందరికీ గూబంటే భయం లేదని కాదు, రాత్రి కూత వింటే ఉలిక్కిపడేవాళ్లు అక్కడా ఉన్నారు. కానీ మా ఇంట్లో గూబకి ఒక్క గురువారం కూడా లేదు.

ఆరో రోజు

రంభ, చిలికాకి దక్షిణపు కొస. ఎక్కువ చెప్పడానికి లేదు. పిక్నిక్ సీజన్, పక్క బోటులో డీజే పెట్టారు, గోధుమతల సముద్రపు కాకులకి మిక్చర్ విసురుతున్నారు, అవి గాల్లోనే పట్టేస్తున్నాయి, పిల్లలకి సరదా, పిట్టలకి ఉప్పూ నూనె. బీకన్ ద్వీపం మీద పాత కట్టడం, దాని గోడ మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. చేపలగద్ద ఒకటి నీళ్లలోకి కాళ్లు ముందుకి చాపి దూకింది, ఖాళీగా లేచింది. పొద్దున్నే రావాల్సింది, మేం పదింటికి వెళ్లాం, తప్పు మాదే.

ఏడో రోజు, జనవరి

మంగళాజోడి. ఇది ఖుర్దా జిల్లాలోకి వస్తుంది, మా సరిహద్దు దాటి ఇంకా పైకి, కానీ చిలికా దాకా వచ్చి దీన్ని వదిలెయ్యడం భోజనానికి కూర్చుని పెరుగన్నం ముందే లేచిపోవడం. ఒకప్పుడు ఈ ఊరు పిట్టల వేటకి పేరు, విషం పెట్టి, తుపాకీ కాల్చి బస్తాల్లో అమ్మేవాళ్లు. 2000 ప్రాంతంలో వేటగాళ్లనే పోగుచేసి కాపలా సంఘం పెట్టారు, ఇప్పుడు ఆ వేటగాళ్లూ వాళ్ల కొడుకులూ పడవ నడుపుతూ గైడ్లుగా ఉన్నారు. మా పడవ నడిపినాయన పిట్టని చూడకుండానే గొంతు బట్టి ఎక్కడుందో చూపించాడు. ఇంత బాగా ఎలా తెలుసు అని బావ ఒడియాలో అడిగాడు. ఆయన గెడ వెయ్యడం ఆపకుండానే చెప్పిన జవాబు బావ నాకు తెలుగులో చెప్పాడు: "వీటిని తినే బతికాం కదా బాబూ".

ఇంజన్ ఉండదు, వెదురు గెడతో తోస్తారు, తుంగ మధ్య సన్నటి కాలవల్లో పడవ జారుతూ పోతుంది, చప్పుడు లేదు, అందుకని పిట్టలు ఎగిరిపోవు. రెండు చేతుల దూరంలో నీలి జంబుకోడి తామరకాడ పీకి, కాలితో పట్టుకుని, మనం చెరుకు నమిలినట్టు నమిలింది. గాడ్విట్లు వేలకొద్దీ, బురదలో ముక్కు కళ్లదాకా దించి కుట్టుమిషను సూదిలాగ ఆడిస్తున్నాయి. సూదితోక బాతులు. ఒక్కసారిగా పైన గద్ద కనపడిందో ఏమో అన్నీ లేచాయి, ఆ రెక్కల హోరు రైలు వంతెన కింద నిలబడ్డట్టుంది.

ఆ గుంపులో పడవాయన నాకు ఎర్రమట్టి రంగు బాతుల జంట చూపించి "చకువా" అన్నాడు. ఒక్క నిమిషం పట్టింది. చక్రవాకం! జక్కవ! చిన్నప్పుడు పద్యాల్లో కంఠస్థం చేసిన జక్కవలు, రాత్రి కాగానే జంట విడిపోయి అవతలి ఒడ్డున ఒకటి ఇవతలి ఒడ్డున ఒకటి ఏడుస్తాయని మాస్టారు చెప్పేవారు, నేను అదేదో కవులు కల్పించిన పిట్టనుకున్నాను ఇన్నాళ్లూ. మట్టిరంగు ఒళ్లు, లేత తల, ఎగిరితే రెక్కలో తెలుపు. హారన్ కొట్టినట్టు ఆంగ్ ఆంగ్ అని అరుస్తుంది. పద్యం గుర్తుచేసుకుందామని చూశాను, మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది. ఇవి మాత్రం నిజంగానే చాలా దూరం నుంచి వస్తాయి, మధ్య ఆసియా, టిబెట్, లడాక్ వైపు పిల్లలు పెట్టుకుని చలికాలం ఇక్కడికి దిగుతాయి.

చారల తల బాతులు కూడా ఉన్నాయి, తెల్ల తల వెనక రెండు నల్ల గీతలు, ఎవరో పెన్నుతో గీసినట్టు. ఇవి హిమాలయాలు దాటి వస్తాయి, ఒంటికి ట్రాకర్లు కట్టి చూస్తే 7000 మీటర్ల పైన ఎగిరినట్టు తేలింది, మనకి అక్కడ నాలుగడుగులు వేస్తే ఆయాసం. వీటి నెత్తురు పల్చటి గాలిలోంచి కూడా ఆక్సిజన్ బాగా పట్టుకుంటుంది. అంత ఎత్తు దాటి వచ్చినది ఇక్కడ ఎండలో బురద మీద ఒంటికాలి మీద నిలబడి నిద్రపోతోంది. ప్రతి జనవరిలో చిలికా అంతా పిట్టల లెక్క తీస్తారు, ఈమధ్య పదకొండు లక్షలు దాటుతున్నాయి. బావ మొదటిసారి బైనాక్యులర్ అడిగి తీసుకున్నాడు, ఇక తిరిగివ్వలేదు.

ఎనిమిదో రోజు, మార్చి

రుషికుల్య నది సముద్రంలో కలిసేచోటు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఇసక ఇది, మేం వెళ్లేసరికి ఆ సందడి అయిపోయింది, ఇసకలో గుంటలూ ఎండిన గుడ్డు పెంకులూ మిగిలాయి. అక్కణ్ణుంచి పొడంపేట. పేరు చూస్తేనే తెలుస్తుంది తెలుగు ఊరని, ఈ తీరం పొడుగునా చేపల వేటకెళ్లే నోలియాలు మన వాడబలిజలే, తరాల కిందట వచ్చినవాళ్లు. వాళ్ల తెలుగు వింటే మా నాన్నమ్మ మాట్లాడినట్టుంటుంది, మధ్యలో ఒడియా పడుతుంది.

పాత పొడంపేటని సముద్రం తినేసింది. ఏటా కొంచెం కొంచెంగా వరసలకి వరసలు ఇళ్లు పోయాయి, జనాన్ని వెనక కొత్త కాలనీకి మార్చారు. మిగిలిన గోడలు ఇసకలో సగం దిగి ఉన్నాయి. ఒక ఇంటికి ముందు గది లేదు, వెనక గది ఉంది, గోడకి రంగు పోలేదు, గూట్లో దీపం మసి ఇంకా ఉంది. ఆ గది పైకప్పు మూలలో, సాయంత్రం నాలుగింటికి, తెల్లగూబ.

పది అడుగుల దూరం. నిలబడి నిద్రపోతోంది. మొహం అచ్చం చేట. చేటంటే పోలిక కోసం అనడం కాదు, దాని పని కూడా చేటదే, చుట్టూ ఉన్న చప్పుడుని పోగుచేసి చెవుల్లోకి చెరుగుతుంది. రెండు చెవులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందకి, ఎలక కదిలిన చప్పుడు ఒక చెవికి వెంట్రుకవాసి ముందు, ఇంకో చెవికి వెనక, ఒక చెవికి కాస్త గట్టిగా, ఇంకో చెవికి మెల్లగా చేరుతుంది, ఆ తేడాలతోనే పూర్తి చీకట్లో కూడా ఎలక ఎక్కడుందో పట్టేస్తుంది. ఒక కన్ను సగం తెరిచింది, నల్లటి కన్ను, పసుపు లేదు. మమ్మల్ని చూసింది, ప్రమాదం లేదనుకుందో బద్ధకించిందో మళ్లీ మూసేసింది. నేను ఫొటో తియ్యలేదు, కొబ్బరితోట గుర్తొచ్చింది.

దాని కింద నేల మీద బొటనవేలంత నల్లటి ముద్దలు, కొన్ని ఎండి బూడిద రంగుకి తిరిగాయి. గూబ ఎలకని నమలదు, మింగేస్తుంది, అరగని బొచ్చూ ఎముకలూ కడుపులో ముద్దకట్టి నోట్లోంచి కక్కేస్తుంది. ఒకటి పొట్లం కట్టుకున్నాను.

బయటికొస్తే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఈ ఇల్లు ఎవరిదని అడిగాను, మాదే అన్నారు. లోపల గూబ ఉంది కదా తాతా, మా వైపు గూబ చేరితే ఇల్లు వదిలెయ్యాలంటారు అన్నాను. ఆయన సూది ఆపకుండానే నవ్వారు. "వొదలడానికి ఇల్లేదీ బాబూ, అదొచ్చినకాడికి మావు అప్పుడికే కాలనీలోన ఉన్నాం" అన్నారు. తరవాత చేత్తో సముద్రం వైపు చూపించి, గుడి ఎక్కడుండేదో, బడి ఎక్కడుండేదో చెప్పారు. ఆయన చూపించిన చోట అల విరుగుతోంది. మేం లేచేటప్పటికి చీకటి పడింది, గోడ మీద నుంచి ఏదో తెల్లగా మా నెత్తి మీదుగా కాలనీ వైపు వెళ్లింది, చప్పుడు లేదు, గాలి కూడా తగల్లేదు.

తొమ్మిదో రోజు, ఇల్లు

మర్నాడు ఇచ్ఛాపురంలో. అమ్మా నాన్నా జనవరిలోనే శాంతి చేయించి ఇంట్లోకి వచ్చేశారు, గూబలు అప్పటికే పిల్లలతో సహా ఎగిరిపోయాయి, పెంకుల సందుకి నాన్న రేకు కొట్టించారు.

అరుగు మీద పేపర్ పరిచి, ముద్దని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో విప్పుతూ కూర్చున్నాను. ముందు బొచ్చు, తడిసిన పత్తిలాగ విడింది. అందులోంచి సన్నటి పక్కటెముకలు, అగ్గిపుల్ల ముక్కల్లాంటి కాలి ఎముకలు, తరవాత ఒక పుర్రె, దాని ముందుపళ్లు ఇంకా నారింజ రంగులోనే ఉన్నాయి, ఎలక పళ్లు అలాగే ఉంటాయి. ఇంకో పుర్రె. మూడోది పొడుగ్గా మూతి సాగి ఉంది, చుంచుది. వరసగా పేపర్ మీద పెట్టాను.

అమ్మ బియ్యం చేట పట్టుకుని వచ్చి, "ఏటిరా ఇది, ఛీ" అంది. చెప్పాను. కొత్త పొడంపేట, పాత పొడంపేట అన్నీ చెప్పాను. అమ్మకి ఊరి సంగతి పట్టలేదు, వంగి పుర్రెల్ని లెక్కపెట్టింది.

"ఇవన్నీ ఒక్కపాలి తిందా?"

ఒక్క రాత్రిలో తిన్నవి అన్నాను. అమ్మ చేట కింద పెట్టింది. వచ్చినప్పట్నుంచీ ఎలకలతో వేగలేకపోతున్నాం, బియ్యం డ్రమ్ము మూత కూడా కొరికేశాయి, పండక్కి కొన్న చీర అంచు కొట్టేశాయి, బోను పెడితే పడట్లేదు అని చెప్తూ చెప్తూ తల ఎత్తి పెంకుల వైపు చూసింది.

"ఆ రేకు మీ నాన్న సరిగ్గా కొట్టించలేదురా, గాలేస్తే లెగుస్తంది" అంది.

నేనేమీ అనలేదు. అమ్మ చేట తీసుకుని లోపలికెళ్లిపోయింది, ఆ పేపర్ తీసి దూరంగా పారెయ్యమని లోపల్నుంచి అరిచింది.